జనగామ స్టేషన్ బోర్డు మీద సముద్రం

మన రైల్వేస్టేషన్లలో ప్లాట్‌ఫారం చివర పసుపు బోర్డు ఒకటి ఉంటుంది. ఊరిపేరు మూడు భాషల్లో రాసి, అడుగున చిన్న అక్షరాల్లో ఆ చోటు సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో చెప్పడం రైల్వేవాళ్ల పాత అలవాటు. జనగామ పట్టణం ఎత్తు సుమారు 380 మీటర్లు. అక్కడ గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాజీపేట, మహబూబాబాద్, డోర్నకల్ మీదుగా దిగివస్తే విజయవాడలో ఆ అంకె ఇరవై మీటర్ల దగ్గరికి పడిపోతుంది. కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడికి ఎక్కడా లోయలోకి దిగినట్టు అనిపించదు. అయినా మూడొందల అరవై మీటర్లు దిగాడు.

ఆరో తరగతి పిల్లలకు సముద్రతీరం గురించి చెప్పాలంటే ఈ బోర్డు దగ్గర మొదలుపెట్టమంటాను. ఎందుకంటే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: సముద్రం ఎప్పుడూ లేస్తూ పడుతూ ఉంటుంది కదా, మరి కొలత ఎక్కడి నుంచి? దీనికి చక్కటి జవాబుంది. బ్రిటిష్ కాలంలో సర్వే వాళ్లు తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లను ఏళ్ల తరబడి నమోదు చేసి, సగటు తీసి, ఆ మట్టాన్ని సున్నా అన్నారు. 1909 నాటికి ఆ లెక్క స్థిరపడింది. పడమట కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చి. తూర్పున నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఒడిశాలోని ఫాల్స్ పాయింట్. అక్కడి నుంచి మైలురాళ్ల వెంట మట్టం చూసుకుంటూ దేశం లోపలికి నడిచారు. అంటే జనగామ బోర్డు మీది అంకెలో విశాఖ రేవులో లేచిపడ్డ నీళ్లు కూడా లెక్కలోకి వచ్చాయి.

జనగామ నుంచి దగ్గరి సముద్రం గీత గీసినట్టు కొలిచినా 250 కిలోమీటర్ల పైమాటే. మహబూబాబాద్ నుంచి 200, భూపాలపల్లి నుంచి 280 దాకా. ఈ మూడు జిల్లాల బడిపిల్లల్లో చాలామంది సముద్రం చూడలేదు. తెలంగాణ రాష్ట్ర పటంలో నీలిరంగు అంచు కూడా లేదు. దాంతో తీరం అనే పాఠం నిర్వచనాల పాలైంది. ‘మూడువైపుల నీరు ఉన్న భూభాగమును ద్వీపకల్పం అందురు’ అని వల్లెవేయడం, పరీక్షలో రాయడం, మరిచిపోవడం. ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో వచ్చిన ఆరో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకం ఇంకాస్త తెలివిగా నడిచింది. కృష్ణా డెల్టాలోని పెనమకూరునూ, పీఠభూమి మీది దోకూరునూ, కొండ మీది పెనుగోలునూ పక్కపక్కన పెట్టి, నేలనుబట్టి బతుకు ఎలా మారుతుందో చూపింది. అది మంచి దారే. అయితే ఊళ్లను పోల్చడం ఒకటి, ఆ ఊళ్ల మధ్య నీళ్లూ ఇసుకా గాలీ ఎలా ప్రయాణిస్తున్నాయో పట్టుకోవడం ఇంకొకటి. పిల్లల తలలో నిలిచేది ఈ రెండోది.

న్యూయార్క్‌లో లూసీ స్ప్రాగ్ మిచెల్ అనే ఉపాధ్యాయురాలు 1934లో ‘యంగ్ జాగ్రఫర్స్’ అనే చిన్న పుస్తకం రాసింది. పిల్లలు తమ కాళ్ల కింది నేల నుంచి, తమ కంటి ముందరి పని నుంచి భూగోళం నేర్చుకోవాలన్నది అందులో ఆమె వాదం. దూరదేశం చెప్పొద్దని ఆమె అనలేదు. దగ్గరి సంబంధాలు చూడడం వచ్చిన పిల్లలకే దూరం అర్థమవుతుందని నమ్మింది. ఆమె పిల్లలకు హడ్సన్ నది, దాని రేవు ఉన్నాయి. మన పిల్లలకు వాగులూ చెరువులూ ఉన్నాయి. తక్కువేం కాదు.

ముందు వాన సంగతి. భూపాలపల్లిలో పడ్డ చినుకు వాగులు పట్టుకుని ఉత్తరానికో తూర్పుకో సాగి గోదావరిలో కలుస్తుంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకున్న గోదావరి భద్రాచలం, పాపికొండలు దాటి ధవళేశ్వరం కింద గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. ఒక పాయ యానాం పక్కనుంచి, ఇంకొకటి అంతర్వేది దగ్గర సముద్రంలోకి. మహబూబాబాద్ జిల్లాలో ఎక్కువ భాగం అలా కాదు. అక్కడి ఆకేరు, మున్నేరు దక్షిణానికి పారి ఖమ్మం దగ్గర తీర్థాల వద్ద కలిసి, మున్నేరుగా సాగి నందిగామ ప్రాంతంలో కృష్ణలో పడతాయి. ఆ నీళ్లు హంసలదీవి వైపు పోతాయి. దగ్గరి జిల్లాల్లో పడ్డ రెండు చినుకులు రెండు వేర్వేరు డెల్టాలను తడుపుతాయన్నమాట.

ఇక్కడ పిల్లలు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది. పటం గోడకు వేలాడుతుంది కాబట్టి నీళ్లు ‘కిందికి’, అంటే దక్షిణానికి, పారతాయనుకుంటారు. భూపాలపల్లి వాగులు ఉత్తరానికి ఎలా పోతాయని అడుగుతారు. పటాన్ని గోడమీంచి తీసి నేలమీద పరిచి, ఉత్తరం దిక్కుకు తిప్పి పెడితే సగం గందరగోళం అక్కడే తీరుతుంది. మిగతా సగానికి బోర్డు మీది అంకెలున్నాయి. పైగా మన ఇంజనీర్లు ఈ లెక్కను కొంచెం కలగాపులగం చేశారు. దేవాదుల ఎత్తిపోతల పథకం గోదావరి నీళ్లను గుట్టలు దాటించి జనగామ మెట్టకు తెస్తోంది. శ్రీరామసాగర్ రెండో దశ కాలువలు ఆ నీళ్లనే మహబూబాబాద్ వైపు మళ్లించాయి. పొలం తాగగా మిగిలి వాగులో జారిన గోదావరి నీరు ఇప్పుడు కృష్ణ ముఖద్వారం గుండా కూడా సముద్రం చేరుతోంది. ఈ మాట విన్నప్పుడు పిల్లలకు కలిగే ఆనందం వేరు. పటం చెప్పనిది తమకు తెలిసింది కదా.

ఇక చెరువు. తీరభూగోళంలో ముప్పాతిక వంతు చెరువులో ఉంది. వానాకాలం పోయి నీళ్లు తగ్గాక, వాగు వచ్చి చెరువులో కలిసే చోటికి, అంటే కట్టకు ఎదురుగా శిఖం వైపుకు, పిల్లలను తీసుకుపోండి. పారే నీరు నిలిచిన నీటిని తాకగానే వేగం పోతుంది. మోసుకొచ్చిన గరుకు ఇసుక ముందు పడుతుంది, మెత్తటి ఒండ్రు ఇంకాస్త లోపలికి పోయి పడుతుంది. పడ్డ ఇసుకే దారికి అడ్డమై వాగు రెండు మూడు పాయలుగా చీలుతుంది. పైనుంచి చూస్తే విసనకర్ర ఆకారం. కోనసీమ తయారైంది ఇదే పద్ధతిలో, కాకపోతే వేల ఏళ్ల పాటు. గౌతమికీ వసిష్ఠకూ మధ్య కొబ్బరితోటలు పెరిగిన ఆ నేలలో మహారాష్ట్ర నల్లరేగడీ ఉంది, కాళేశ్వరం దగ్గర కదిలిన ఇసుకా ఉంది. కృష్ణా గోదావరి డెల్టాలు రెండూ ముందుకు పెరుగుతూ నడుమ వదిలేసిన పల్లం కొల్లేరు. చెరువులో కూడా రెండు వాగులు పక్కపక్కన కలిసేచోట ఇలాంటి చిన్న కొల్లేరు దొరకొచ్చు, వెతకమనండి.

అదే చెరువు దగ్గర ఇంకో పని. పది మీటర్ల తాడు పట్టుకుని నీటి అంచు వెంట చుట్టూ కొలవమనండి. తర్వాత మీటరు కర్రతో అదే అంచును కొలవమనండి. రెండోసారి పొడవు ఎక్కువ వస్తుంది. పిల్లలు మొదట ఒకరి లెక్కను ఇంకొకరు తప్పంటారు. నిజానికి ఇద్దరిదీ సరైనదే. కర్ర చిన్నదయ్యేకొద్దీ తాడు దాటేసిన వంపులన్నీ లెక్కలోకి వస్తాయి. ఇంగ్లండు శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ గమనించిన ఈ సంగతి మీదే బెన్వా మాండెల్‌బ్రో 1967లో బ్రిటన్ తీరం పొడవెంత అంటూ ఓ వ్యాసం రాసి ప్రసిద్ధుడయ్యాడు. దూరం పోనక్కర్లేదు. భారతదేశ తీరం 7,516 కిలోమీటర్లని మనమంతా చదువుకున్నాం. ఇటీవల ఇంకా వివరమైన పటాలతో కొలిస్తే అది 11,098 కిలోమీటర్లైంది. సముద్రం జరగలేదు, కర్ర చిన్నదైంది.

అసలు పాఠం ఆ అంకెల వెనక ఉంది. పశ్చిమ బెంగాల్ తీరం 157 నుంచి 721 కిలోమీటర్లకు పెరిగింది. గుజరాత్ 1,214 నుంచి 2,340కి. ఆంధ్రప్రదేశ్ మాత్రం 974 నుంచి 1,053కే ఆగింది. ఎందుకు? సుందరబన్‌లో లెక్కలేనన్ని పాయలు, కచ్ దగ్గర చీలికలు, గుజరాత్‌కు రెండు సింధుశాఖలు. మన కోస్తా చాలావరకు సాఫీగా, ఇసుక తిన్నెలతో సాగుతుంది. కర్ర మార్చినా దానికి దొరికే కొత్త వంపులు తక్కువ. ‘తూర్పు తీరం క్రమముగా నుండును’ అని బట్టీపట్టే వాక్యం ఉందే, సుందరబన్‌ను పక్కన పెడితే అది ఈ అంకెల్లో ప్రాణం పోసుకుంటుంది. పరీక్షాపత్రం తయారుచేసేవారు ఈ ప్రశ్న ఒకసారి అడిగి చూస్తే బాగుండు.

చెరువులో దొరకనిది ఆటుపోటు. “మా చెరువుల నీళ్లెందుకు లేస్తలేవు సార్, చంద్రుడు ఈడ గూడ ఉన్నడు కదా?” అని అడిగే పిల్ల ఏ తరగతిలోనైనా ఉంటుంది. ఉండాలి. చంద్రుడు అన్నిటినీ లాగుతాడు, నిజమే. దగ్గరున్న నీటిని కొంచెం ఎక్కువ, దూరంగా ఉన్న నీటిని కొంచెం తక్కువ. ఆ తేడా వల్లే పోటు పుడుతుంది. వేల కిలోమీటర్లు పరుచుకున్న మహాసముద్రంలో ఆ తేడా కనిపిస్తుంది, కిలోమీటరు వెడల్పు చెరువులో కొలతకు కూడా అందదు. మన తీరంలో పోటుకూ పాటుకూ తేడా మీటరు, మీటరున్నర. కెనడాలో ఫండీ అఖాతంలో పదహారు మీటర్ల దాకా పోతుంది, ఎందుకంటే గరాటులా ఇరుకయ్యే ఒడ్డుల మధ్య నీరు పైకి ఎగదన్నుతుంది.

ఉప్పు సంగతి తరగతి గదిలోనే తేలిపోతుంది. సముద్రపు నీరు లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. లీటరు బోరు నీళ్లలో ఆరేడు టీ చెంచాల ఉప్పు కలిపి, వేలు ముంచి నాలుకకు రాసుకుంటే చాలు. ఇక్కడో హెచ్చరిక: చాలా బడుల్లో గుడ్డు తేలేదాకా ఉప్పు వేసి ‘ఇదే సముద్రం’ అంటారు. కాదు. తాజా గుడ్డు సముద్రపు నీళ్లలో మునుగుతుంది. తేలాలంటే దానికి మూడింతల ఉప్పు కావాలి. మరి ఆ ఉప్పు ఎక్కడిది? చాలావరకు రాళ్లది. వాన రాతిని కరిగిస్తుంది, వాగు మోస్తుంది, సముద్రం చేరాక నీరు ఆవిరై వెళ్లిపోతుంది గానీ ఉప్పు కదలదు. జనగామ గుట్టల రాయి కూడా ఇందులో తన వంతు ఇచ్చింది. చెరువు ఎందుకు ఉప్పగా లేదంటే అది మత్తడి పోస్తుంది కాబట్టి. సముద్రానికి మత్తడి లేదు. వారపు అంగట్లో ఎండుచేపల గంప, పక్కన ఉప్పు మూట చూపించి, ఈ రెండూ ఎక్కడినుంచి వచ్చాయో అమ్మేవాళ్లనే అడిగి రమ్మంటే వాళ్లు నౌపడ, చినగంజాం లాంటి పేర్లు పట్టుకొస్తారు. పటంలో వెతకడానికి అప్పుడు ఒక కారణం దొరుకుతుంది.

ఇవన్నీ మనం సముద్రం దగ్గరికి పోయే దారులు. సముద్రమే మన దగ్గరికి వచ్చే దారి కూడా ఉంది, ఈ మూడు జిల్లాల పిల్లలకు అది బాగా తెలుసు. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక బంగాళాఖాతంలోని వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు ఊళ్లమీద పడింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటితే మర్నాడు డోర్నకల్ స్టేషన్ పట్టాలు మునిగి రైళ్లు నిలిచిపోయాయి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 65 సెంటీమీటర్ల వాన కురిసింది, పక్కనే భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. ఆ ఊళ్లో పిల్లలు మేడలెక్కారు.

తీరం దాటాక తుపాను ‘బలహీనపడింది’ అని టీవీలో విని పెద్దలే ఊపిరి పీల్చుకుంటారు. ఇది పాఠంలో గట్టిగా చెప్పవలసిన చోటు. తుపానుకు బలం వెచ్చటి సముద్రపు నీటి ఆవిరి. నేలమీదికి వచ్చాక ఆ ఆవిరి అందదు, నేల గరుకు గాలిని పట్టుకుంటుంది, కాబట్టి గాలి తగ్గుతుంది. అప్పటికే మోసుకొచ్చిన నీరు మాత్రం ఎక్కడికీ పోదు. వాయుగుండం ఒకచోట నెమ్మదించి నిలిస్తే ఆ నీరంతా అక్కడే కుమ్మరిస్తుంది. గాలి వేగం, వాన రెండు వేర్వేరు లెక్కలు. తీరంలో భయం ఉప్పెన: 1977 నవంబరు 19న దివిసీమలో కడలి లేచి ఊళ్లమీదికి వచ్చి వేలమందిని బలిగొంది. లోతు తక్కువైన తీరపు నీటిని గాలి ఒడ్డుకు తోసేస్తే పోవడానికి చోటు లేక పైకి లేస్తుంది. మనకు ఆ భయం లేదు. మన భయం వాగు. తుపాను ఒక్కటే, అది రెండు చోట్ల రెండు రూపాల్లో దిగుతుంది. మోరంచపల్లి పిల్లవాడు దివిసీమ కథ వింటే పుస్తకంలోని కథలా వినడు.

భూపాలపల్లి పిల్లలకు ఇంకో సొత్తు ఉంది, బొగ్గు. కేటీకే గనుల్లో పనిచేసే తండ్రులు, మేనమామలు ఉన్న పిల్లలు ఆ తరగతుల్లో ఉంటారు. ఆ బొగ్గు పాతిక, ముప్పై కోట్ల ఏళ్ల కిందటి చిత్తడి అడవి. ఆ అడవి ఉన్నప్పుడు బంగాళాఖాతమే లేదు. కోస్తా ఉన్నచోట అంటార్కిటికా ఆనుకుని ఉండేది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట రెండూ విడిపోవడం మొదలై, నడుమ నీళ్లు చేరి మన తూర్పు తీరం పుట్టింది. రుజువేది? అప్పటి బొగ్గు పొరల్లో గ్లాసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలు దొరుకుతాయి, నాలుకలా పొడుగ్గా, నడుమ ఈనెతో. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ కెప్టెన్ స్కాట్ బృందం ఆకలితో, చలితో కొనఊపిరిమీద ఉండి కూడా పదహారు కిలోల రాళ్లను బండిమీద లాక్కొచ్చింది. వాళ్లు మరణించారు. నెలల తర్వాత గుడారం దగ్గర దొరికిన ఆ రాళ్లలో ఇదే ఆకు ఉంది. భూపాలపల్లి నుంచి గోదావరి వెంట సాగే ఈ బొగ్గు పల్లం అలాగే ఆగ్నేయంగా పోయి డెల్టా మట్టి కింద దూరుతుంది. కృష్ణా గోదావరి బేసిన్ సహజవాయువు తీసేది ఆ వైపే. ఇంకా వెనక్కి పోతే, వంద కోట్ల ఏళ్లకు మించిన పాకాల శిలల్లో సున్నపురాయి, డోలమైట్ ఉన్నాయి. అవి ఒకప్పటి లోతులేని సముద్రంలో పేరుకున్నవి. అంటే పాకాల చుట్టుపక్కల ఒకప్పుడు అలలు ఉన్నాయి. ఏ దేశానికీ తీరం శాశ్వతం కాదని చెప్పడానికి విశాఖ దాకా పోనక్కర్లేదు.

ఈ నేల పాలకులకు సముద్రం పట్టేది కూడా. భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్లు, గణపసముద్రం చూసిన పిల్లలకు గణపతిదేవుడి పేరు తెలుసు. సముద్రం అని పేరు పెట్టుకున్న చెరువులు తవ్విన ఆ కాలం రాజే 1244లో చీరాల దగ్గరి మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా లాగేసుకునేవారు. తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఓడ వర్తకులకు మాటిచ్చాడు. తుపాను, రేవు, సుంకం, నమ్మకం అన్నీ ఆ ఒక్క రాతిమీద ఉన్నాయి. ఆ శతాబ్దం చివర్లో మార్కోపోలో ఆ రేవు పేరుతోనే ఈ రాజ్యం గురించి రాశాడు. ఆ మోటుపల్లి ఇప్పుడు పెద్ద రేవేమీ కాదు, తీరంలో ఒక పల్లె.

చివరిగా ఇసుక. దారానికి కట్టిన అయస్కాంతాన్ని పాలిథిన్ సంచిలో పెట్టి వాగు ఇసుకలో ఈడిస్తే నల్లటి రేణువులు అంటుకుంటాయి. అది మాగ్నటైట్. భీమునిపట్నం ఒడ్డున కనిపించే నల్ల ఇసుకలోనూ ఇలాంటి బరువైన ఖనిజాలే ఉంటాయి. తేలిక ఇసుకను అలలు ఈడ్చుకుపోతే బరువైనవి మిగులుతాయి. మరి వాగుల్లో ఇసుకను లారీలకెత్తితే, నదులకు అడ్డంగా ఆనకట్టలు, బరాజులు కట్టి ఒండ్రును ఆపితే ఒడ్డుకు చేరేదేమిటి? గోదావరి సముద్రానికి మోసే ఒండ్రు గత కొన్ని దశాబ్దాల్లో బాగా తగ్గింది. డెల్టా అంచులో చాలాచోట్ల కడలి లోపలికి వస్తోంది. కాకినాడ పక్కన ఉప్పాడలో ఇళ్లూ రోడ్డూ కోతకు గురవుతూనే ఉన్నాయి, దానికి అక్కడి తీరం మలుపు, అలల దిశ లాంటి కారణాలు కూడా ఉన్నాయి. అన్నిటికీ ఇసుకే కారణమని పిల్లలకు చెప్పొద్దు. కారణాలు కలిసి పనిచేస్తాయని చెబితే చాలు, వాళ్లకు అర్థమవుతుంది.

విహారయాత్రకు డబ్బులు పోగైతే నా సలహా విశాఖ బీచి కాదు. అక్కడ పిల్లలు అలలు చూస్తారు, ఐస్‌క్రీం తింటారు, వస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట మీద నిలబెట్టి, అక్కడినుంచి ఒక పాయ వెంట అంతర్వేది దాకానో, కోరింగ మడ అడవుల దాకానో తీసుకుపోండి. మడచెట్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్లతో గాలి పీల్చడం పాటు సమయంలోనే కనిపిస్తుంది, కాబట్టి ఆటుపోట్ల పట్టిక చూసుకుని బయల్దేరాలి. ఆ పట్టికకు తీరంలో ఎవర్నో అడగక్కర్లేదు. సముద్ర సమాచారమిచ్చే కేంద్రసంస్థ ఇన్‌కాయిస్ హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంది. 2007 నుంచి హిందూ మహాసముద్రంలో సునామీ కదిలితే హెచ్చరించేదీ అక్కడినుంచే. సముద్రం నుంచి అంతదూరంలో ఆ ఆఫీసు ఎలా పనిచేస్తుందో బస్సు కదిలేలోపు కనుక్కోమని పిల్లలకే అప్పజెప్పవచ్చు. సముద్రం అడుగున నీటి బరువును కొలిచే పరికరాలు, పైన తేలే బోయాలు, వాటిమీంచి సందేశం అందుకునే ఉపగ్రహాలు, ఇవన్నీ వాళ్ల జవాబులో రావాలి.